సెలవుల్లో తెరిచిన గది

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల్లో బడి మూసి ఉండగా కౌన్సెలింగ్ గది ఎందుకు తెరిచారని మీలో చాలామంది అడుగుతున్నారు. కొందరు నన్నే అడిగారు, ఎక్కువమంది ఒకరినొకరు అడుగుకున్నారు. భోగికి రెండు రోజుల ముందు ఆ గది బయట బల్ల మీద కూర్చున్న ముగ్గురు పిల్లలను ఎవరో గేటు దగ్గర నుంచి ఫోటో తీసి, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి, "వీళ్లకు ఏమైంది?" అని రాశారు. రాత్రికల్లా జవాబులు కుప్పలుగా వచ్చాయి. "పిచ్చి" అన్న మాట కూడా వాటిలో ఉంది. బడి తెరిచాక ఆ ముగ్గురిలో ఒకరు రెండు రోజులు రాలేదు.

గది తెరవమన్నది నేనే. పండగ మూడు రోజులు తప్ప రోజూ ఉదయం పది నుంచి పన్నెండున్నర దాకా మా కౌన్సెలర్ కూర్చున్నారు. దసరా సెలవుల తర్వాత ఆమె దగ్గరికి వచ్చిన పిల్లలను చూశాకే ఈ నిర్ణయం తీసుకున్నాను. పండగ అందరి ఇళ్లకూ ఒకేలా రాదు. వీధి అంతా భోగి మంట చుట్టూ చేరినప్పుడే, తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లవాడికి ఆ లోటు ఎక్కువగా తెలుస్తుంది. కిందటేడు అరిసెలు వత్తిన నాయనమ్మకు ఈ ఏడు బట్టలు పెట్టి దండం పెట్టుకోవలసి వస్తే, ఏడవడానికి ఆ ఇంటి బిడ్డకు మూల దొరకదు, చుట్టాలతో ఇల్లు నిండి ఉంటుంది. బడి రోజుల్లో గంటలు, హోంవర్కు, స్నేహితులు ఇలాంటి దిగుళ్లను కొంత మరిపిస్తాయి. సెలవుల్లో ఆ ఆసరా ఉండదు.

ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. కౌన్సెలర్ ముప్పావు గంట వింటారు. చిన్నపిల్లలైతే బొమ్మలు గీయిస్తారు, నోటితో చెప్పలేనిది కాగితం మీదికి వస్తుంది. "ఏదోలా ఉంది" అన్న పిల్లవాడు అది భయమో, కోపమో, దిగులో తేల్చుకునే దాకా ఓపిక పడతారు. గుండె దడ పుట్టినప్పుడు ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పుతారు. అమ్మతో ఏ మాట ముందు చెప్పాలో పిల్లల చేత ఒకసారి పలికిస్తారు. మందులు ఇవ్వరు, అవసరం అనిపిస్తే డాక్టరును కలవమంటారు. పిల్లలు చెప్పింది గది దాటదు. ప్రాణానికి ముప్పు ఉందని గానీ, ఎవరైనా హింసిస్తున్నారని గానీ తెలిస్తే మాత్రం బాధ్యత గల పెద్దలకు చెబుతారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఒకరైనా ఉండాలని చెప్పింది. ఆ తీర్పు రాకపోయినా నేను ఈ గదిని మూయనిచ్చేదాన్ని కాదు. ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఎవరూ వినక చదువులో కుంగిపోయిన పిల్లలు నాకు ఇప్పటికీ పేరు పేరునా గుర్తున్నారు.

మా పదో తరగతి అమ్మాయి ఒకరు కనుమనాడు ఇంటి ముందు రథం ముగ్గు వేసి, దాని మధ్యలో 14416 అని రాసింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు అది, మనసు బాగోలేనివారు ఫోను చేసి సాయం అడిగే ప్రభుత్వ సేవ. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. "అది ఏం నంబరమ్మా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ తనే వివరించిందట. పేరు రాయవద్దని కోరింది కాబట్టి రాయడం లేదు. లెక్కల్లో ఈ అమ్మాయి క్లాసులో అందరికంటే ముందుంటుంది, తమ్ముళ్లిద్దరికీ తనే చదువు చెబుతుంది. ఆ ముగ్గు చూడటానికి నేను ఆ వీధికి వెళ్లాను.

మీరు పిల్లల కోసం పడే శ్రమ నాకు తెలుసు, ఆ చనువుతోనే అడుగుతున్నాను. పండగకు వచ్చిన చుట్టాల మధ్య నిలబెట్టి మార్కులు చెప్పించకండి. "మీ పెదనాన్న కొడుకును చూడు" అన్న మాట ఈ సెలవుల్లో ఎంతమంది పిల్లలు మోసుకొచ్చారో మీరు ఊహించలేరు. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చేతిలో ఉండనిచ్చి, పొద్దున విసుక్కుంటున్నాడని కౌన్సెలర్‌కు ఫోను చేసి "నాలుగు చివాట్లు పెట్టండి" అనడం న్యాయం కాదు. ఆమె పని చివాట్లు పెట్టడం కాదు. గది నుంచి బయటికి వచ్చిన బిడ్డను "ఏం చెప్పావు?" అని నిలదీయకండి. అన్నం సరిగ్గా తినకపోవడం, నిద్ర చెడటం, ఎవరితోనూ కలవకపోవడం రెండు వారాలు దాటితే పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా మమ్మల్ని కలవండి.



వేసవి సెలవుల్లో కూడా గది వారానికి మూడు రోజులు తెరిచి ఉంటుంది. ఈసారి పిల్లలు వెనక గేటు నుంచి వస్తారు. ఫోటో తీసిందెవరో నేను ఆరా తీయలేదు, తీయను. అది ఇంకా మీ ఫోనులో ఉంటే ఈ రాత్రికే తీసేయండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు