రిపేర్ల బాబాయ్ గారి సంస్మరణ: ఈ ఆదివారం

అందరికీ నమస్కారం.
మన బాబాయ్ గారిని తలుచుకోవడానికి ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. పిన్నిగారు, పిల్లలు వస్తున్నారు.

ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందంటే మోటారు జోలికి పోకుండా ముందు కండెన్సర్ మార్చి చూసేవారు. కుళాయి కారితే వాషర్ మార్చి, కొత్త కుళాయి ఖర్చు తప్పించేవారు. ఎంత పనున్నా మనవరాలు స్కూల్ నుంచి వచ్చే వేళకి గేటు దగ్గరుండాల్సిందే, జేబులో టెస్టర్‌తో సహా!

ఫొటోలుంటే శనివారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి.
మాట్లాడేవారు నాకు మెసేజ్ చేయండి. తలా రెండు నిమిషాలే (నాకూ అంతే, ఆపకపోతే ఆగను).

మరో మాట: రిపేరుకిచ్చిన మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు వాళ్లింట్లోనే ఉన్నాయి. వాటిని ఆదివారం హాలుకే తెప్పిస్తాం, ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి. దీనికోసం పిన్నిగారికి ఫోన్ చేయొద్దు, ప్లీజ్.