సందర్శకులకు వర్తించని చట్టం

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఆరోగ్య బీమా గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా అక్కడి పార్టీల తగాదా చుట్టూనే తిరుగుతాయి. 2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన అఫర్డబుల్ కేర్ యాక్ట్, పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఎంతవరకు అక్కరకొస్తుందో చెప్పేవారు తక్కువ.

2014 నుంచి ఈ చట్టం కిందికి వచ్చే పాలసీల్లో, షుగరో గుండెజబ్బో ముందే ఉందన్న సాకుతో దరఖాస్తును తిరస్కరించడానికి గానీ ప్రీమియం పెంచడానికి గానీ కంపెనీలకు వీల్లేదు. వయసును బట్టి ప్రీమియం పెంచవచ్చు, కానీ పెద్దవారి నుంచి 21 ఏళ్లవారి ప్రీమియానికి మూడు రెట్లకు మించి వసూలు చేయకూడదు. చికిత్సకు జీవితకాల పరిమితి పెట్టకూడదు. పిల్లలను 26 ఏళ్లు వచ్చేవరకు తల్లిదండ్రుల పాలసీలో కొనసాగించవచ్చు.

అయితే ఆరు నెలలకని సందర్శక వీసా మీద వెళ్లే అమ్మానాన్నలకు పిల్లలు కొనే విజిటర్ ఇన్సూరెన్స్ ఈ చట్టం పరిధిలో లేదు. అమెరికాలో కొన్న పాలసీ కాబట్టి ఆ రక్షణలన్నీ ఉంటాయనుకోవడం పొరపాటు. వీటిలో పాత జబ్బుకు మామూలు వైద్యం ఉండదు. ‘అక్యూట్ ఆన్‌సెట్’ పేరుతో, అంటే ఆ జబ్బు ఉన్నట్టుండి ముదిరితే, కొన్ని షరతుల మీద, వయసును బట్టి తగ్గే పరిమితికి లోబడి డబ్బిస్తారు. ఇక ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం పాలసీలు ఒక్కో చికిత్సకు ముందే రాసుకున్న మొత్తమే ఇస్తాయి, ఆస్పత్రి బిల్లు ఎంతయినా సరే. చౌకగా వస్తుందని చాలామంది ఎంచుకునేది ఈ రకాన్నే; నా మట్టుకు డెబ్బై దాటినవారికి దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

గ్రీన్‌కార్డు మీద వెళ్లేవారి సంగతి వేరు. అరవై అయిదు దాటినా అయిదేళ్లు వరుసగా అక్కడ నివసిస్తే తప్ప వారికి మెడికేర్‌లో, అంటే వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాలో, చేరే అవకాశం రాదు. ఈ చట్టం రాకముందు ఆ అయిదేళ్లూ బీమా దొరకడమే గగనం. ఇప్పుడు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఈ చట్టం కింద పాలసీలు అమ్మే అధికారిక వేదికలో, కొనుక్కోవచ్చు. దేశంలో అడుగుపెట్టాక 60 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, లేకపోతే ఏటా నవంబరు 1న మొదలయ్యే నమోదు గడువు దాకా ఆగాల్సిందే. ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించే సబ్సిడీ విషయంలో మాత్రం ఒక చిక్కుంది. కొడుకో కూతురో పన్ను లెక్కల్లో తల్లిదండ్రులను ఆధారితులుగా చూపిస్తే, అందరి ఆదాయాన్నీ కలిపే చూస్తారు. 2021లో పెంచిన సబ్సిడీల గడువు 2025తో ముగియడంతో, 2026 పాలసీలకు ఆరుగురు సభ్యుల కుటుంబ ఆదాయం 1,72,600 డాలర్లు దాటితే సబ్సిడీ ఏమీ రాదు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన ఇళ్లలో చాలావరకు పెద్దల ప్రీమియం పూర్తిగా చేతి నుంచి కట్టాల్సిందేనన్నమాట.

2025 జులైలో వచ్చిన మరో చట్టం మనవాళ్ల మీద ఇంకా బరువు మోపుతోంది. దాని ప్రకారం 2027 నుంచి సబ్సిడీ గ్రీన్‌కార్డు ఉన్నవారికి, మరి కొద్ది వర్గాలకు మాత్రమే పరిమితం. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాలవారు పాలసీ కొనుక్కోవచ్చు, కానీ పూర్తి ధరకే. ఉద్యోగం పోయి కంపెనీ బీమా ఆగిపోయిన హెచ్-1బీ కుటుంబానికి ఈ మార్పు సరిగ్గా చేతిలో డబ్బు లేని సమయంలోనే తగులుతుంది. పన్ను కట్టేటప్పుడు లేని తేడా సహాయం దగ్గర ఎందుకో నాకు బోధపడదు.

అక్టోబరు నెలాఖరులో, అంటే నమోదు మొదలయ్యే ముందు, వీసాల వారీగా ఎవరికి ఏది వర్తిస్తుందో మీ పత్రికలో ఒక పేజీ కేటాయించి వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ