టచింగ్ పెన్సిలు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చి నువ్వు ఇచ్చి వెళ్లిన మూడు ఫిల్ము రోళ్లూ మొన్న ఆదివారం కడిగాను. ఆలస్యం నాది కాదు, ఎండలది. ఫిల్ము కడిగే మందు డీ-76కి 20 డిగ్రీలు కావాలి. మన కుళాయి నీళ్లు ఇప్పుడు 30 దాటి ఉన్నాయి. నీరు వేడెక్కితే ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచే జిలెటిన్ పూత మెత్తబడి, గోరు తగిలినా గీత పడుతుంది. చివరికి రొయ్యల పెట్టెల్లో వేసే ఐసు కాస్త అడిగి తెచ్చి, ట్యాంకును బకెట్లో నిలబెట్టి పని కానిచ్చాను. స్నానాల గదిలో నీచు వాసన పోలేదని మీ అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.

36 ఫ్రేముల్లో నాలుగు కదిలిపోయాయి. సెల్ఫ్ టైమర్ పెట్టి పరుగెత్తితే అంతే మరి.

కోరంగి మడ అడవి రోలు బాగుంది. బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన శ్వాసవేర్ల మధ్య నీ చేతివేళ్లు నిలబెట్టావు చూడు, ఏవి ఏవో పోల్చుకోవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది. మన భాషలో రెండూ వేళ్లే కదా.

వైనతేయ లంకలో ఒండ్రు మీద పడుకుని లేచి, నువ్వు వదిలిన ఆ గుంటను తీసిన ఫోటో దగ్గర చాలాసేపు ఆగాను. భుజాలు ఆనిన చోట నీరు ఊరింది. నువ్వు చెప్పిన కళాకారిణి ఆనా మెండియెటా గుర్తొచ్చింది. 12 ఏళ్ల వయసులో క్యూబా నుంచి అమెరికా పంపించేస్తే, పెద్దయ్యాక 1973 నుంచి 1980 దాకా మట్టిలో, ఇసుకలో, గడ్డిలో తన ఆకారాన్ని అచ్చు వేసి, అది చెరిగిపోయేలోగా ఫోటోలు తీసిందన్నావు. ఊరు పోగొట్టుకున్న మనిషి అలా చేసిందంటే సరే, ఊరున్న నీకెందుకమ్మా అని అడిగాను అప్పుడు. తెలివితక్కువ ప్రశ్న. మీ తాతగారి కొబ్బరితోట ఇప్పుడు ఏటి మధ్యలో ఉంది. కోతకు ఏటేటా ఒక వరస చెట్లు పోతుంటే చూస్తూ పెరిగినదానివి నువ్వు.

1986 ఆగస్టు వరదలో స్టూడియోలోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. నీరు తీశాక నెగటివ్ కవర్లు తెరిస్తే, ఒకరి పెళ్లికొడుకు ముఖం ఇంకొకరి పెళ్లికూతురి ముఖానికి అతుక్కుని ఉంది. జిలెటిన్ అంటే పశువుల ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన జిగురే. నానితే ఉబ్బి, ఊడి వస్తుంది. మన ముఖాలను ఇన్నాళ్లు మోసింది ఏ గొడ్డు తోలో అని ఆ రోజు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇక అసలు సంగతి. మూడో రోల్లో తొమ్మిదో ఫ్రేము. కొబ్బరి మట్ట నీడ నీ మెడ మీద పడింది, ఆ చారల మధ్య నీ పుట్టుమచ్చ. నెగటివ్‌లో అది ఆవగింజంత తెల్లటి చుక్క. చూడగానే నా చెయ్యి సొరుగులో టచింగ్ పెన్సిలు కోసం వెళ్లింది. 30 ఏళ్ల అలవాటు తల్లీ. పెన్సిలు పట్టేలా మీడియం అనే ద్రవం రాసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ చుక్కను నింపితే ప్రింటులో మచ్చ ఉండదు. పెళ్లిచూపుల ఫోటో అంటే మచ్చ, మొటిమ, కళ్ల కింద నలుపు, అన్నీ పోవాలి. పిల్ల నల్లగా ఉంటే ప్రింటుకు వెలుతురు తగ్గించాలి. అదే పిల్ల పదో తరగతి సర్టిఫికెట్‌లో మాత్రం గుర్తింపు చిహ్నాలంటూ రెండు పుట్టుమచ్చలు రాసి ఉండేవి. సర్కారు మనిషిని ఆనవాలు పట్టేది వాటితోనే, మగపెళ్లివారికి కనపడకూడనివీ అవే. ఆ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టుకుని పనిచేసిన రోజులున్నాయి. ఒక్కనాడూ చెయ్యి ఆగలేదు.

మీ అమ్మ 1989లో మన స్టూడియోలో దిగిన ఫోటో ఉంది కదా. ఎడమ చెంప మీది మచ్చ చెరిపింది నేనే. ఆ ఫోటో వేరే సంబంధానికి వెళ్లింది, కుదరలేదు. మరుసటి ఏడు తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. పెళ్లిచూపుల్లో మీ నాయనమ్మ పిల్ల చెంప చూసి, ఆ తరువాత నన్ను చూసింది. మాట మాత్రం అనలేదు.

నీ ఫ్రేము ముట్టుకోలేదు. పెన్సిలు ఎలాగూ బయటికి తీశాను కాబట్టి మీ అమ్మ నెగటివ్ వెతికాను. దూదికి టర్పెంటైన్ అద్ది తుడిస్తే మీడియంతో సహా పెన్సిలంతా వచ్చేసింది. ప్రింటు వేసే ఎన్‌లార్జర్ బల్బు ఇంకా వెలుగుతోంది. నువ్వు తెచ్చిన పేపరే ఒకటి వాడాను. ఎర్ర దీపం కింద ట్రేలో ముందు జుట్టు వచ్చింది, తరువాత కనుబొమలు, తరువాత మచ్చ. చెంప ఇంకా తేలకముందే, తెల్ల కాగితం మీద ఒంటరిగా మచ్చ.

మీ అమ్మను పిలిచి చూపించాను. చీర కుచ్చిళ్లు తడవకుండా ఎత్తి పట్టుకుని, ట్రే మీదికి వంగి చాలాసేపు చూసింది. "ఆ కమ్మలు మా అక్కవి, తిరిగి ఇచ్చేశాను" అంది.

బొమ్మ చెరగకుండా నిలిపే మందు, హైపో, అడుగంటింది. వచ్చేటప్పుడు ఒక కిలో పట్టుకురా.

మీ నాన్న