జనాభా విధానంలో తల్లి మాటకు చోటేది?

మాన్య సంపాదకులకు నమస్కారాలు.

రాష్ట్రంలో జననాలు తగ్గిపోతున్నాయని, ఇకపై ప్రతి కుటుంబం ఎక్కువ మంది పిల్లలను కనాలని మీ పత్రిక సంపాదకీయ పుటలో కొన్నాళ్లుగా వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఏఎన్‌ఎం (పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సు)గా చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నదాన్ని. ఆ వ్యాసాల్లో జపాన్, కొరియా, చైనా అంకెలన్నీ ఉన్నాయి గానీ, మన ఊళ్లలో ఇప్పటికే ఆపరేషన్ అయిపోయిన తల్లుల లెక్క ఎక్కడా లేదు. ఆ లోటు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక తరం పోయి ఇంకో తరం దాని స్థానంలోకి రావాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు ఉండాలని జనాభా శాస్త్రవేత్తలు చెబుతారు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు 2.0గాను, బీహార్‌లో 3.0గాను, మన రాష్ట్రంలో 1.7గాను తేలింది. ఇంతవరకు అందరూ రాస్తున్నదే. కానీ అదే సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరిగిపోయిందని, వేసెక్టమీ చేయించుకున్న మగవారు నూటికి ఒకరు కూడా లేరని చెబుతోంది. అంటే, ఎక్కువ మంది పిల్లలను కనమని 2024 అక్టోబరు నుంచి ముఖ్యమంత్రి గారు సభల్లో ఇస్తున్న పిలుపు మిగిలిన ఆ ముప్పై మందికే వర్తిస్తుంది. వారిలోనూ చాలామంది కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలే. ముప్పై ఏళ్లు నిండకముందే కనే దారి మూసుకుపోయిన తల్లులకు ఈ పిలుపు ఏం చెబుతుందో నాకు అర్థం కావడం లేదు.

ఈ పరిస్థితి దానంతట అది రాలేదు. ప్రపంచంలోనే మొదటిసారిగా 1952లో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన దేశం మనది. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు మగవారివే. ఆ బలవంతానికి జనం ఎన్నికల్లో జవాబు చెప్పాక మగవారి జోలికి వెళ్లడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు, భారమంతా ఆడవారి మీద పడింది. నేను ఉద్యోగంలో చేరిన నాటికి ఇది లోకరీతి అయిపోయింది. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని గోడల మీద రాయించాం, కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం బొమ్మ వేయించాం, అర్హులైన దంపతుల రిజిస్టరు చంకన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగాం. మార్చి నెలాఖరు వచ్చిందంటే ఏడాదికి ఇన్ని ఆపరేషన్లన్న లక్ష్యం పూర్తి కాలేదని పైనుంచి ఒత్తిడి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో చాపలు పరిచి, ఆపరేషన్ అయిన ఆడవాళ్లను వరసగా పడుకోబెట్టేవాళ్లం. మత్తు పూర్తిగా దిగకముందే చంటిబిడ్డ పాలకు ఏడిస్తే, అమ్మమ్మ ఆ బిడ్డను ఎత్తుకొని గేటు దగ్గర నిలబడేది. 1994 కైరో జనాభా సదస్సులో స్త్రీ ఆరోగ్యం, ఆమె నిర్ణయం ముందు, సంఖ్యలు తర్వాత అన్న మాట గట్టిగా వినిపించింది. ఆ తర్వాత 1996 ఏప్రిల్‌లో కేంద్రం లక్ష్యాలను ఎత్తివేసింది. మా దగ్గర మాత్రం లక్ష్యం అన్న మాట పోయి అంచనా అన్న మాట వచ్చింది, మార్చి నెల మారలేదు.

కేరళలో ఆడపిల్లల చదువు పెరిగి కాన్పులు తగ్గాయి. మన రాష్ట్రంలో చదువు అంతగా పెరగకుండానే, పెళ్లి వయసు పెద్దగా మారకుండానే కాన్పులు తగ్గడం జనాభా పరిశోధకులను ఎంతో ఆలోచనలో పడేసింది. ఊళ్లో పనిచేసినవారికి ఇందులో వింతేమీ లేదు. పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై ఒకటి దాటేసరికి ఇద్దరు బిడ్డలు, ఆ వెంటనే ఆపరేషన్. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల యువతుల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని ఐదో సర్వే కూడా చెప్పింది. సగటు తగ్గినంత మాత్రాన ఆడపిల్ల జీవితం మారినట్టు కాదు.

పలమనేరు వైపు ఒక పల్లెలో నేను దగ్గరుండి ఆపరేషన్‌కు తీసుకెళ్లిన ఒకామె, పదేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం సబ్‌సెంటర్‌కు వచ్చింది. ఆమె చిన్న కొడుకు చెరువులో పడి చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. బల్ల అంచు పట్టుకొని, "నర్సమ్మా, కోసిన నరం మళ్ళా అతికిస్తారంట గదా, నిజమేనా?" అని అడిగింది. అతికించే ఆపరేషన్ ఉందని, కానీ అందరికీ ఫలించదని, పెద్దాసుపత్రికి వెళ్లాలని చెప్పాను. ఆమె వెళ్లలేదు. వెళ్లే స్థోమత కూడా లేదు. ఆనాడు సంతకం పెట్టించుకునేటప్పుడు ఈ సంగతి వివరంగా చెప్పానా అని నన్ను నేను ఈనాటికీ అడుగుతూనే ఉంటాను.

ఇప్పుడు అదే యంత్రాంగాన్ని తిరగేసి నడిపితే ఫలితం వస్తుందని అనుకునేవారు ఇతర దేశాల అనుభవాన్ని నిదానంగా చూడాలి. దక్షిణ కొరియాలో 1983లోనే సగటు 2.1 కన్నా కిందికి పోయింది, అయినా జనన నియంత్రణ కార్యక్రమాన్ని 1996 దాకా ఆపలేదు. 2006 నుంచి జననాలు పెంచడానికి పెద్ద ప్రణాళికలు వేసి అపారంగా ఖర్చు పెట్టింది, 2023లో సగటు 0.72కు పడిపోయింది. 1972లో ఇద్దరితో ఆపమన్న సింగపూర్, స్థోమత ఉంటే ముగ్గురినో ఇంకా ఎక్కువ మందినో కనమని 1987లో పిలుపునిచ్చింది, 2023లో అక్కడి సగటు ఒకటి కన్నా తక్కువ. చైనా ఒక్క బిడ్డ నిబంధనను 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి సడలించినా 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతూనే ఉంది. రుమేనియా కథ వీటన్నిటికన్నా దారుణం. 1966లో గర్భస్రావాలను నిషేధిస్తే మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి. కొన్నేళ్లలోనే మళ్లీ తగ్గాయి. ఈలోగా చాటుమాటు గర్భస్రావాలకు వేలాది స్త్రీలు బలయ్యారు, అనాథాశ్రమాలు నిండిపోయాయి, 1989 చివరలో ఆ పాలన కూలాకే ఆ చట్టం పోయింది.

నగదు ప్రోత్సాహకాల మీద జరిగిన పరిశోధనల సారం కూడా ఇలాగే ఉంది. డబ్బు ఇస్తే కొందరు ఎలాగూ కనబోయే బిడ్డను కాస్త ముందుగా కంటారు, కాబట్టి ఒకటి రెండేళ్లు అంకె పెరుగుతుంది, జీవితకాలంలో పిల్లల సంఖ్య మాత్రం పెద్దగా మారదు. స్వీడన్ 1974లోనే తల్లితోపాటు తండ్రికీ వేతనంతో కూడిన సెలవు ఇచ్చింది. ఆ దేశంలోనూ ఇటీవల సగటు తగ్గింది కాబట్టి అదే మంత్రదండం అని నేను అనను. కానీ కోరుకున్న బిడ్డను కనే వీలు కలిగించడం ఒక ఎత్తు, ప్రభుత్వం కోరిన బిడ్డను కనమనడం ఇంకో ఎత్తు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి తన 2025 నివేదిక కోసం మన దేశంతో సహా 14 దేశాల్లో 14 వేల మందికి పైగా ప్రజలను ప్రశ్నించినప్పుడు, కోరుకున్నంత మంది పిల్లలను కనడానికి అడ్డు ఏమిటన్న దానికి 39 శాతం మంది ఆర్థిక ఇబ్బందులనే చెప్పారు.

మా వీధిలో ఒక అమ్మాయి ఫ్యాక్టరీ బస్సు ఎక్కి షిఫ్టు పనికి వెళుతుంది. రెండేళ్ల పాప ఉంది. ఇంకో బిడ్డ మాట ఎత్తితే ఆ అమ్మాయి అన్న మాట ఇది: "ఒక బిడ్డకే మా అమ్మ కూలి మానుకొని వచ్చి కూర్చుంది, రెండో బిడ్డకు ఎవరిని పిలిచేది పెద్దమ్మా?" యాభై మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణలోనే చెప్పారు. ఆ అమ్మాయి అలాంటి గదిని ఇంతవరకు చూడలేదు. అంగన్‌వాడీ బడికి మూడేళ్లు నిండాలి. కాన్పు సెలవు అయిపోయిన నాటి నుంచి బడిలో చేరే నాటి వరకు ఉన్న ఆ రెండు రెండున్నర ఏళ్లు బిడ్డను ఎక్కడ ఉంచాలో ఆ అమ్మాయికి తెలియదు.

జనాభాను బట్టి సీట్లు మళ్లీ పంచితే పార్లమెంటులో దక్షిణాది సీట్లు తగ్గిపోతాయన్న భయం సహేతుకమే. 1971 జనగణన లెక్కల మీద ఆగిన సీట్ల సంఖ్యను 84వ రాజ్యాంగ సవరణ 2026 తర్వాతి జనగణన దాకా అలాగే ఉంచింది, ఆ జనగణన 2027లో జరగబోతోంది. కుటుంబ నియంత్రణను పాటించిన రాష్ట్రాలకు అన్యాయం జరగకూడదు. దాన్ని రాజ్యాంగంలో, రాష్ట్రాలకు కేంద్ర పన్నుల వాటా తేల్చే ఆర్థిక సంఘం సూత్రాల్లో సరిచేసుకోవాలి గానీ, ఆడపిల్ల కాన్పుతో కాదు. నేడు పుట్టిన బిడ్డకు ఓటు రావడానికే పద్దెనిమిదేళ్లు పడుతుంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ తొలగించడాన్ని మాత్రం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను, ఎందుకంటే ఆ నిబంధన వల్ల మూడో కాన్పును దాచి, చంటిబిడ్డను బంధువుల ఇంట పెట్టిన కుటుంబాలను నేను చూశాను. దాని స్థానంలో ఇంతమంది ఉంటేనే అర్హత అన్న తిరగేసిన నిబంధన రాకూడదు.

కాబట్టి మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరేది ఇది. జనాభా విధానం ఏది తెచ్చినా, ముందుగా మండలాల వారీగా మహిళలతో సమావేశాలు పెట్టి వారి మాట రాసుకోవాలి. తిరుపతి ఎస్వీ విశ్వవిద్యాలయంలోనే జనాభా అధ్యయనాల విభాగం ఉంది. పాతికేళ్లలోపు ఆపరేషన్ అయిన మన జిల్లాల స్త్రీలు ఇప్పుడు ఏ ఆరోగ్యంతో, ఎవరి ఆసరాతో బతుకుతున్నారో తెలుసుకునే పని ఆ విభాగానికి అప్పగించాలి. బిడ్డకు ఇంత అని ఇచ్చే సొమ్ముకు బదులు ఫ్యాక్టరీలున్న ప్రతి మండలంలో షిఫ్టు వేళల్లో తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రాలు, ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇంటికి వారానికొకసారి వెళ్లే ఆరోగ్య కార్యకర్తలు కావాలి. నేను పైన చెప్పిన ఆ తల్లికి ఇప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. మిగిలిన ఒక్క కొడుకూ బెంగళూరులో ఉన్నాడు. బీపీ మాత్రల కోసం ఆమె నెలకోసారి నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
తిరుపతి.