కెనడా, ప్రిన్స్ రూపర్ట్‌లో సింధుకి

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. రామారావు మావయ్య గోడ తగాదా కోర్టు దాకా పోకుండానే తేలింది. నీ ఫోను వచ్చి చాలా రోజులైంది, పనుల్లో ఉంటావులే. నిన్న శారదత్త మాత్రం "సింధు ఆ పోర్టు పని వదిలేసి కాల్గరీ పోతోందట కదా" అంది. నేనేమీ అనలేదు. నీకు నచ్చినట్టే చేసుకో, అడగడానికి రాయడం లేదు.

పోయినసారి ఫోనులో చెప్పిన మీటింగు సంగతి మనసులో ఉండిపోయింది. పోర్టు పనుల నక్షా పరిస్తే, అక్కడి ఆదివాసీలు మెట్లకట్ల వాళ్ల పెద్దలు ఒక్క మాటా మాట్లాడలేదన్నావు. ఎంతవరకు గీశాక పరిచారమ్మా? కొలతలన్నీ వేసి, టెండరు కాగితాలు కట్టాక చూపించడమంటే పెళ్లి కార్డు అచ్చు వేయించాక వియ్యంకుణ్ణి ముహూర్తం అడిగినట్టే. 2004లో హైదా అనే ఆదివాసీల కేసులో కెనడా సుప్రీంకోర్టు ఏమంది? నేల మీద వాళ్ల హక్కు రుజువు కాకముందే వాళ్లను సంప్రదించే బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. కంపెనీకి కొన్ని పనులు అప్పజెప్పొచ్చు గాని ఆ బాధ్యతను అప్పజెప్పలేరు. కన్సల్టెంటు మినిట్స్ రాసుకొచ్చాడని మీ ఆఫీసు నిశ్చింతగా ఉంటే తర్వాత ఇబ్బంది పడతారు.

మీటింగు ఎప్పుడు పెట్టారన్నదీ చూసుకో. మార్చిలో చాలామంది నాస్ నది దగ్గర ఊలికన్ చేపల వేటలో ఉంటారు. వసంతంలోనే హెర్రింగ్ గుడ్లు, మేలో రాళ్ల మీద నాచు కోత, ఆ వెనకే సాల్మన్. ఆ రోజుల్లో పిలిస్తే ఖాళీ కుర్చీలే వస్తాయి.

డ్రెడ్జింగ్, అదే సముద్రం అడుగు తవ్వే పని సంగతి నాకు వదిలెయ్, చెబుతా. మన విశాఖలో పోటు పాట్లకు తేడా రెండు మీటర్లు కూడా ఉండదు, మీకు ఏడు మీటర్ల దాకా. అంత నీరు ఊగే చోట, బురద పారకుండా నీళ్లలో వేలాడదీసే సిల్ట్ కర్టెన్ నిలవదు. ప్రవాహం వేగం ఒకటి, ఒకటిన్నర నాట్లు (ఓడల వేగం కొలత) దాటితే బుంగలా ఉబ్బి అడుగు అంచు పైకి లేస్తుంది, బురద కింద నుంచి జారిపోతుంది. కర్టెన్ కట్టాం కదా అని ధీమా పడొద్దు. నీటి మడ్డి కొలత పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా తియ్యాలి. పోల్చేది అదే పోటు దశలో, పని తగలని చోట తీసిన కొలతతోనే. పాటు నీటిని పోటు నీటితో పోలిస్తే లేని తప్పు కనిపిస్తుంది, ఉన్న తప్పు దాగుతుంది. మే, జూన్‌లో మంచు కరిగి స్కీనా నది ఎలాగూ బురద తెస్తుంది, అది మీ బకెట్ లెక్కలో కలవకూడదు.

ఆ కొలత తీసేటప్పుడు మెట్లకట్ల వాళ్ల తరఫున నీళ్లూ నేలా కనిపెట్టుకునే గార్డియన్ పక్కన ఉండాలి, ఊరికే చూడ్డానికి కాదు. పని ఆపమనే అధికారం ఉండాలి. ఆ ముక్క కాంట్రాక్టులో రాయించు, ఆగిన గంటలకు స్టాండ్‌బై రేటుతో సహా. రేటు లేకపోతే కాంట్రాక్టరు ఆగడు, ఆగితే గొడవ పెట్టుకుంటాడు. గట్టు మీద తవ్వేటప్పుడు గవ్వ చిప్పలు కలిసిన నల్లమట్టి తగిలితే బకెట్ అక్కడే నిలబడిపోవాలి. మీ హార్బరు ఒడ్డున 5,000 ఏళ్లకు పైబడిన ఊళ్ల ఆనవాళ్లున్నాయి.

కాల్గరీలో పోర్టు లేదు కదూ? ఊరికే అడిగాను.

లేలూ దీవి సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. పోర్టు చేతిలో ఉన్న స్థలం. పెట్రోనాస్ గ్యాస్ టెర్మినల్ కడతామంది. పక్కనే ఫ్లోరా బ్యాంక్ ఇసుకదిబ్బ, దాని మీద ఈల్‌గ్రాస్ గడ్డి, ఆ గడ్డిలో స్కీనా నుంచి దిగే సాల్మన్ పిల్లలు. గడ్డికి తగలకుండా వేలాడే వంతెన వేస్తామని నమూనా మార్చారు. కానీ ఆ దిబ్బ అక్కడ నిలిచిందే అలలకూ ప్రవాహాలకూ ఉన్న సమతూకం వల్ల, స్తంభాలు ఆ తూకం చెడగొడతాయేమోనని భయం. అక్కడి మరో ఆదివాసీ సమాజం లాక్స్ క్వలామ్స్ వాళ్లకు 40 ఏళ్ల మీద వంద కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. 2015 మేలో మూడు చోట్ల సభలు పెట్టి, వద్దన్నారు. ఆ వేసవిలో కొందరు దీవి మీదే శిబిరం వేశారు. 2016 సెప్టెంబరులో ఫెడరల్ ప్రభుత్వం 190 షరతులతో అనుమతి ఇచ్చింది. 2017లో అదే లాక్స్ క్వలామ్స్ వాళ్ల ఎన్నికైన నాయకత్వం ఒప్పందం మీద సంతకమూ పెట్టింది. వంశపారంపర్య పెద్దల్లో కొందరు ఒప్పుకోలేదు. ఆ జులైలో మార్కెట్ బాగాలేదని కంపెనీయే వెళ్లిపోయింది. కాబట్టి "నేషన్ (ఆదివాసీ సమాజం) ఒప్పుకుంది" అని ఎవరైనా అంటే, ఏ నేషన్, అందులో ఎవరు, ఎప్పుడు అని అడుగు. 2019లో మీ పోర్టులోని బొగ్గు రేవు రిడ్లీ టెర్మినల్స్ అమ్మినప్పుడు 10 శాతం వాటా లాక్స్ క్వలామ్స్‌కీ మెట్లకట్లకీ వెళ్లింది. వాటా ఉన్నవాడు నీ మీటింగులో అతిథి కాదు, యజమాని. చదివింది నువ్వు, నేనెందుకు పాఠం చెబుతున్నానో.

పీతల బుట్టల సంగతి మరిచాను. ఓడ లంగరు మార్చేముందే వాళ్ల జాలర్లకు కబురు వెళ్లాలి. బుట్ట తాళ్లు టగ్గు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే వాళ్ల సీజనూ పోతుంది, మీ టగ్గూ ఆగుతుంది. నోటీసు వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోవద్దు, పడవల మీద రేడియోలో చెప్పించు.

అక్కడ ఎడతెగని వాన. గమ్ బూట్లు రెండు జతలు కొనుక్కో, ఒకటి ఆరేలోగా రెండోది. విటమిన్ డి మాత్ర మానొద్దు. అమ్మ కందిపొడి, కారప్పొడి కట్టింది, బుజ్జిగాడి స్నేహితుడి చేత పంపుతున్నాం.

మీ పొద్దున్న తొమ్మిదంటే మాకు రాత్రి తొమ్మిదిన్నర, మేలుకునే ఉంటాం. కాల్గరీ మాట నిజమైతే నీ నోటితోనే చెప్పు. కారణం ఆ మీటింగే అయితే మాత్రం, సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఆ పెద్దల దగ్గరికి నక్షా లేకుండా వెళ్లి రా.

నాన్న