బండి అమ్మకానికి పెట్టాను

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడు తీరిగ్గా చెప్పడం కుదరలేదు. అవును, క్యాంపర్ వ్యాన్ అమ్మేస్తున్నాం. బ్రిస్టల్ ఇంటికి గరాజ్ ఉండబట్టి ఇన్నేళ్లూ దాన్ని కాపాడుకొచ్చాం. ఇప్పుడు మాంచెస్టర్‌కి మారుతున్నాం, అక్కడ మాకు దొరికింది ఫ్లాట్. బండిని వీధిలో వదిలేస్తే, చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పూ, పైనుంచి వానా కలిసి రేకుని తినేస్తాయి. దానికా గతి పట్టించడం నా వల్ల కాదు.

నువ్వు ఫొటోల్లోనే చూశావు కాబట్టి చెబుతున్నా. అది 1977 నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. జర్మనీలో తయారైతే, డెవన్ అనే ఇక్కడి కంపెనీ లోపల స్టవ్వూ, సింకూ, మడత మంచమూ అమర్చింది. పైకప్పు ఎత్తితే పిల్లలిద్దరికీ పైన పడక. మన ఆటోలకి లాగే ఇంజిన్ వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. రేడియేటర్ లేదు. యాభై గుర్రాల బలం అంతే. లేక్ డిస్ట్రిక్ట్‌లో కిర్క్‌స్టోన్ కనుమ ఎక్కేటప్పుడు రెండో గేర్లో నెమ్మదిగా వెళుతుంటే వెనక కార్లు బారులు తీరేవి. పిల్లలకి అదే పెద్ద సరదా.

ఇంజిన్ మార్చిన సంగతి ముందే చెబితే రేటు పడిపోతుందన్నావు. నిజమే, పుట్టినప్పటి ఇంజిన్ నంబరే కావాలనే, పాత బళ్లు సేకరించేవాళ్లు తగ్గించే అడుగుతారు. కానీ తిరగడానికి కొనేవాడికి ఇదే మేలురా! పాతదాని క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ బయటి పెంకు, చీలింది. అదే రకం 1600 సీసీ ఇంజిన్‌ని పూర్తిగా విప్పి, కొత్త పిస్టన్లు, సిలిండర్లు, బేరింగులు వేసి కట్టినదాన్ని బిగించాం. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి. లాగ్‌బుక్‌లో (మన ఆర్సీ లాంటిదిలే) కొత్త నంబరు ఎక్కించాం. 40 ఏళ్లు దాటిన బండికి ఇక్కడ ఇచ్చే రోడ్ టాక్స్ మినహాయింపూ పోలేదు. అదే జాతి ఇంజిన్ కాబట్టి ఎంఓటీ, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ కూడా తప్పనిసరి కాదు, అయినా ఏటా చేయించాం. బ్రేకుల విషయంలో మినహాయింపులేంటి చెప్పు? ఇక 3000 మైళ్లకోసారి ఆయిల్ మార్చి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు) సరిచేయడం నాకు ఆదివారం పని. ఆ పని చేతికి అలవాటైపోయింది, ఇకమీదట ఆదివారాలు ఏం చేస్తానో.

మొన్న ఒక కుర్రాడు చూడ్డానికి వచ్చాడు. రంగు చూడలేదు, పరదాలు చూడలేదు. నేరుగా వెనక్కెళ్లి ఇంజిన్ మీద చెయ్యి పెట్టాడు, ముందే వేడి చేసి ఉంచానేమోనని. చల్లగా ఉంది. తర్వాత క్రాంక్ పుల్లీ, అంటే ఇంజిన్ ఇరుసు చివరుండే చక్రం, పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూశాడు. అది బాగా ఆడితే లోపల అరిగినట్టు. పెట్రోల్ గొట్టాలు ఒక్కొక్కటే వంచి చూశాడు, ఎందుకంటే ఈ బళ్లు కాలిపోయేది ఎక్కువగా పాత గొట్టాలు పగిలే. చివరికి ఇంజిన్ చుట్టూ ఉండే రబ్బరు సీల్‌ని వేలితో తడుముతూ పోయాడు. అది చిరిగితే కింది వేడి గాలి మళ్లీ పైకొచ్చి ఇంజిన్ ఉడికిపోతుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు. నాకు అక్కడే నచ్చేశాడు. తాళం తిప్పగానే స్టార్టయింది, అతని మొహం విచ్చుకుంది.

అతను చెప్పిన రేటు నేననుకున్నదానికి కాస్త తక్కువే. ఇంకొకాయన ఎక్కువే ఇస్తానన్నాడు గానీ, ఇంజిన్ పీకేసి కరెంటు మోటారు పెడతాడట. ఆయన డబ్బు, ఆయనిష్టం, కానీ నాకు మనసొప్పలేదు. కుర్రాడికే ఇద్దామని మీ చెల్లాయి కూడా అంది. విడిగా దాచిన కార్బరేటరూ, ఫ్యాన్ బెల్టులూ, వర్క్‌షాప్ మాన్యువలూ అన్నీ అతనికే ఇచ్చేస్తాను.

శనివారం డబ్బు పట్టుకొస్తానన్నాడు. రేటు విషయంలో నీకేమైనా తోస్తే ఆలోపే ఫోన్ చెయ్యి. పెద్దవాళ్లకి నమస్కారాలు.

నీ
ప్రసాద్