పరిశోధన గైడ్‌ను వెతికే భారం విద్యార్థి మీదే వదిలేయకండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ ముగించి హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా తేలలేదు. నీళ్లంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు. ఇదే కారణమని ఎవరూ రుజువు చేయలేకపోయారు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు, సంతోషం. అక్కడ రేపు పరిశోధన చేయాల్సినవాళ్లు ఇవాళ ఎంబీబీఎస్ తరగతుల్లో ఉన్నారు. వాళ్లకు దారి చూపేవాళ్లే దొరకడం లేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి వైద్య విద్యార్థుల కోసం ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) పథకం నడుపుతోంది. రెండు నెలలు చిన్న పరిశోధన చేసి, నివేదిక ఆమోదం పొందితే స్టైపెండ్ ఇస్తారు. దానికి ముందుగా సొంత కళాశాలలో ఒక అధ్యాపకుడు గైడ్‌గా ఉండటానికి ఒప్పుకోవాలి. సెకండియర్‌లో నేను చాలా డిపార్ట్‌మెంట్లు తిరిగాను. "ఇప్పుడెందుకమ్మా, పీజీలో చేద్దువులే" అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఓపీ, వార్డులు, క్లాసులు, పీజీల థీసిస్‌లు అన్నీ వాళ్ల మీదే. మాలాంటి వాళ్లకు ఇచ్చే గంట ఏ లెక్కలోనూ పడదు. చివరికి ఒక సారు సరేనన్నారు. ఈలోగా పరిశోధనకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీ సమావేశం వాయిదాల మీద వాయిదాలు పడి, ఆ ఏడాది అవకాశం పోయింది. ఇంట్లో డాక్టర్లున్న నా స్నేహితులకు ఒక్క ఫోన్‌తో గైడ్ దొరికారు. మా నాన్నది జీడితోట. ఆయన ఎవరికి ఫోన్ చేస్తారు?

1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకు మూడేళ్ల ముందు లండన్‌లో ఆ క్రిమిని మైక్రోస్కోప్ కింద అతనికి చూపించింది పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు. రాస్ ఇండియాకు తిరిగొచ్చాక కూడా మాన్సన్ ఉత్తరాల్లో అతనికి దారి చెబుతూనే ఉన్నాడు. పెద్ద ల్యాబ్ లేకపోయినా, రాసిన ప్రతి ఉత్తరానికీ బదులిచ్చే ఒక పెద్దమనిషి రాస్‌కు ఉన్నాడు. మాకు కావలసింది కూడా అదే.

అందుకే అడుగుతున్నాను. ఏ అధ్యాపకుడు ఏ విషయంలో ఎంతమందికి గైడ్‌గా ఉండగలరో ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలా ఏటా నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ పనిని వాళ్ల బోధన గంటల్లో కలపాలి, లేకపోతే ఆ జాబితా కాగితం మీదే ఉండిపోతుంది. విద్యార్థుల ప్రతిపాదనల కోసం ఎథిక్స్ కమిటీ నెలకోసారి తప్పక కూర్చోవాలి. విజయనగరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల, పాడేరు లాంటి కొత్త కళాశాలల పిల్లలకు వందేళ్లు దాటిన విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ వంటి చోట్ల నుంచి సహ గైడ్‌లను కేటాయించాలి. పాడేరులో చదివే పిల్లలకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న రోగులు తమ వార్డులోనే కనిపిస్తారు. వాళ్ల గురించి అడగాల్సిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి.

వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు, మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు దాన్ని ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక హౌస్ సర్జన్,
శ్రీకాకుళం జిల్లా